వానకు పేరు లేని ఏడాది

పాల్మా సోలా,
9 జూన్ 1991

మరదలు సునిల్దాకు,

నీ వదిన ఒతీలియా ఇంకా బతికే ఉంది, నీకు ఉత్తరం రాస్తోంది.

రేడియోలో చెప్పించిన కబురు నీకు అందిందని లారీ తోలే బసీలియో చెప్పాడు. బజారులో ఎవరో రేడియో గట్టిగా పెడితే విన్నావట. సొంత అన్న పోయిన సంగతి ఉల్లిపాయల బుట్టల మధ్య నిలబడి వినాల్సి వచ్చింది నీకు. ఏం చేయను, ఇక్కడి నుంచి అక్కడికి మాట పోవడానికి వేరే దారి లేదు. రేడియోవాళ్లు చదివింది చర్చి పాదిరీ పెట్టిన పేరు కాబట్టి దోషం లేదు. అసలు పేరు ఊళ్లో ఎవరూ ఎత్తలేదు, ఇక ఎత్తరు.

వారం జ్వరం, అంతే. ఆఖరి రోజు కూడా నన్ను దెప్పడం మానలేదు. "ఒసే, నీ చేప పులుసు ముప్పయ్యేళ్లు తిని కూడా జ్వరంతోనే పోయాడని చెప్పు జనానికి, మెచ్చుకుంటారు" అన్నాడు. నవ్వాను. తెల్లారేసరికి లేడు. పాత గుడిసె తగలబెట్టి, నదికి ఇంకాస్త దగ్గరగా కొత్తది వేసుకున్నాం.

ఇక అసలు సంగతి. మీ అన్న పేరు వాన పేరు. ఇక్కడ రాస్తే తప్పు లేదు, మనం రాసుకునేది బడిలో కొట్టి నేర్పిన స్పానిష్. ఈ భాషకు ఆయన ఎవరో తెలియదు. మన భాషలో మాత్రం ఆ మాట ఆయనతోనే మూసేశాం, ఇక ఎవరూ పలకం. ఇప్పుడు వానకు కొత్త మాట తెరవాలి. తెరవాలంటే పెద్ద వయసు ఆడవాళ్లు ఇద్దరు కావాలి. పట్నం నీళ్లు తాగి మరిచిపోయావేమో గుర్తు చేస్తున్నాను: ఒకే నారను ఇద్దరూ చెరో కొస నుంచి తొడ మీద పేనుకుంటూ రావాలి. కలిసినచోట ముడి వెయ్యాలి. అప్పుడు ఒకరు మాట ఇవ్వాలి, ఇంకొకరు దాన్ని తిరిగి పలికి పుచ్చుకోవాలి. పుచ్చుకునేవాళ్లు లేకపోతే అది మాట కాదు, ఉత్త చప్పుడు.

ఇన్నాళ్లూ పొరుగు ముసలమ్మా నేనూ ఉన్నాం. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆవిడ పేరు ఉప్పు పేరు కదా, అప్పటి నుంచి ఉప్పుకు కూడా పేరు లేదు. "ఆ తెల్లది ఇటివ్వు" అంటున్నాం. మగాళ్లు తెరిచిన మాట వాడుకుంటారు గాని తెరవలేరు. పిల్లలకైతే ఏ లోటూ లేదు, వాళ్లు అన్నీ స్పానిష్‌లోనే అనేస్తారు. లోటు నాకొక్కదానికే.

ఇక మిగిలింది నువ్వూ నేనూ. వానలు మొదలైతే దారి బురదై మూసుకుపోతుంది. ఈలోగా రా. నీ పేరు తాబేలుదే గాని, ఈ ఒక్కసారి నడక మార్చు.

ఒతీలియా

*

అసున్సియోన్,
2 జూలై 1991

వదినా,

రేడియో విన్నాక రెండు రోజులు దుకాణం తెరవలేదు. దుకాణమంటే ఏముంది, గోనెపట్టా మీద నాలుగు రకాల ఆకులూ వేళ్లూ. జనం వాటిని నూరి, తెరెరే కాచుకునే చల్లటి ఆకునీళ్లలో కలుపుకు తాగుతారు. మూడో రోజు ఒకామె వచ్చి "ఏమ్మా, తలనొప్పికి ఏముంది?" అని అడిగితే ఏడుపొచ్చింది. ఆమెకు భయమేసి రెట్టింపు ఆకు కొనుక్కుని పోయింది. అన్నయ్య ఉంటే ఈ మాటకు ఎంత నవ్వేవాడో.

నిన్ను ఒంటరిదాన్ని చేసి పోయాడు. నీ పులుసు గురించి ఆయన అన్నది మాత్రం నిజమే. నీ పేరు నిప్పు కదా వదినా, నీ నోరూ నిప్పే, నీ పొయ్యి మాత్రం ఎప్పుడూ ఆరిపోయేది.

రావాలని నాకు లేదనుకోకు. మా అమ్మాయి మిర్తాకు ఏడో నెల. మొగుడు వంతెన పని మీద పోయి మళ్లీ కనబడలేదు. పురుడు సెప్టెంబరులో. దాన్ని వదిలి ఎట్లా రాను?

నాకొక ఉపాయం తోచింది. బసీలియో చేతికి ఒక క్యాసెట్టు ఇస్తున్నాను. దాంట్లో ఒక పక్క నిండా నేను మాట్లాడాను, మన భాషలోనే. ఇరవయ్యేళ్లయింది వదినా, అంతసేపు మాట్లాడి. మొదట్లో నాలుక మొద్దుబారినట్టుంది, తర్వాత ఎవరాపినా ఆగలేదు. చిన్నప్పటి కథలు చెప్పాను, పాట కూడా పాడాను. రెండో పక్క ఖాళీగా ఉంది. నువ్వు అందులో మాట ఇచ్చి పంపు, నేను పుచ్చుకుని తిరిగి పంపుతాను. నార ముక్క కూడా పంపితే నా కొస నేనిక్కడ పేనుతాను.

అందరినీ కూర్చోబెట్టి వినిపించు. పిల్లలు నవ్వాలి.

నీ తాబేలు,
సునిల్దా

*

పాల్మా సోలా,
30 జూలై 1991

సునిల్దాకు,

నువ్వు చెప్పినట్టే బడి పంతులు దగ్గర్నుంచి క్యాసెట్టు యంత్రం తెచ్చి, అందరినీ కూర్చోబెట్టి వినిపించాను. చాప కూడా వేశాను.

నీటి గుంటలో కర్రల మీద నడిచిన కథ మొదలుపెట్టావు. కొంగల్లా నడిచామని చెప్పావు. చెప్పి ఊరుకున్నావా? కొంగల పాట ఎత్తుకున్నావు. నవ్వుకుంటూ, చప్పట్లు కొడుతూ, ఇదిగో ఇటు రా, ఇటు రా అని పిలిచావు.

అది నా కొడుకు పేరు.

వాడు పశువుల దొడ్డిలో పనికిపోయి మూడేళ్ల కిందట శవమై వచ్చిన సంగతి నీకు తెలుసు. రేడియోలో అదీ విన్నావు. ఆ పేరు మేం మూశాం, పొరుగు ముసలమ్మా నేనూ నార పేని కొంగకు వేరే మాట తెరిచాం. ఈ మూడేళ్లలో ఒక్క నోటి నుంచి కూడా ఆ పాత మాట రాలేదు. నువ్వు దాన్ని పాట కట్టి పిలిచావు. రొసాల్బా, వాడి కూతురు, నా పక్కనే కూర్చుని ఉంది. అది నా మొహం వంక చూసింది. నేను లేచి బయటికి పోయాను. ముసలి మగాళ్లందరూ ఒకరి వెనక ఒకరు లేచి వచ్చేశారు. లోపల యంత్రం ఒక్కటే నవ్వుతోంది.

ఆ గొంతు నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు. క్యాసెట్టును నది ఒడ్డున పాతిపెట్టాను.

మాట ఇవ్వడం పుచ్చుకోవడం యంత్రంతో జరిగేది కాదు. ఎదురుగా మనిషి ఉండాలి, తొడకు తొడ తగలాలి. అదైనా గుర్తుండాల్సింది నీకు.

ఒతీలియా

*

అసున్సియోన్,
25 సెప్టెంబరు 1991

వదినా,

నీ ఉత్తరం చదివాక నా నోరు నేనే కొట్టుకున్నాను. నిజంగా కొట్టుకున్నాను, మిర్తా పట్టుకుని ఆపింది.

కానీ ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. నేను ఊరు వదిలేనాటికి వాడు చిన్నవాడు, వాడికి పిల్లప్పటి పేరే ఉంది. వాడు పెద్దవాడయ్యాక కొంగ పేరు పెట్టారని నాకెవరు చెప్పారు? చనిపోయాడని రేడియో చెప్పింది, ఏ మాట మూశారో రేడియో చెప్పదు కదా. మీరు ముగ్గురు నలుగురు కూర్చుని మాటలు మూస్తూ తెరుస్తూ పోయారు, నేనిక్కడ పాత నోటితోనే మిగిలిపోయాను. నేను పలికిన వాటిలో ఇంకెన్ని మాటలు మనుషులయ్యాయో. ఇప్పుడు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా మన భాషలో మాట్లాడాలంటే భయం. ఎవరిని పిలుస్తానో ఏమో.

నా గొంతు నీ ఇంట్లో ఉండటానికి వీల్లేదన్నావు. సరే. రానులే. నా మొహం చూసినా నీకు ఆ పాటే గుర్తొస్తుంది.

మిర్తాకు ఆడపిల్ల పుట్టింది, పన్నెండో తారీఖున. ఆసుపత్రిలో నిమియా అని రాయించారు. చెవులు అన్నయ్యవే, పెద్దవి. దీనితో మన భాష తప్ప వేరేది మాట్లాడకూడదని మొక్కుకున్నాను. నీ ఉత్తరం చదివాక దానితో కూడా మాట్లాడలేకపోతున్నాను. ఊరికే ఊపుతున్నాను.

సునిల్దా

*

పాల్మా సోలా,
11 అక్టోబరు 1991

ఒసేవ్ బుద్ధిలేనిదానా,

క్యాసెట్టు వద్దంటే నువ్వు వద్దని అర్థమా? నేను పాతిపెట్టింది యంత్రంలోని గొంతును. నీ మెడలో ఉన్న గొంతును కాదు. పట్నంలో ఇంతేనా నేర్చుకున్నది, అలిగి కూర్చోవడం? నువ్వు రానని అలిగితే వాన ఆగుతుందా?

వాడి పేరు సంగతి నీకు తెలియదని నాకు తట్టలేదు. అది నా తప్పు కాదు, నీ తప్పూ కాదు. ఎవరి తప్పో తెలిస్తే కాస్త తిట్టుకుని ప్రాణం కుదుటపడేది.

పోయిన వారం ఒక అమ్మాయి వచ్చింది, పట్నం అమ్మాయే, మంచి పిల్ల. బొమ్మల అట్టలు పట్టుకొచ్చింది. ఒక్కో బొమ్మ చూపించి మన భాషలో ఏమంటారని అడిగింది. చెట్టుకు చెప్పాను, చేపకు చెప్పాను. వాన బొమ్మ చూపించింది. ఊరుకున్నాను. ఉప్పు చూపించింది, ఊరుకున్నాను. "పరవాలేదమ్మమ్మా, తొందరేం లేదు" అంది పాపం. తర్వాత కాగితం మీద ఏదో రాసుకుంది. పంతులు వంగి చదివి చెప్పాడు, మరిచిపోయింది అని రాసిందట. చీవాట్లు పెడదామనుకున్నాను. దగ్గు వచ్చి ఆ పని కూడా సరిగ్గా చేయలేకపోయాను.

ఆ దగ్గు నెల నుంచీ ఉంది. నువ్వు అమ్మే ఆకుల్లో దీనికేదైనా ఉంటే తీసుకురా.

వానకు మాట దొరికింది సునిల్దా. ఒక పొద్దున్నే నీళ్లు తెస్తుంటే తోచింది. బాగుంది. ఆయన వింటే తప్పులు పడతాడు గాని లోలోపల మెచ్చుకుంటాడు. నాలుక కింద పెట్టుకుని తిరుగుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. నారలో నా వైపు సగం పేనేశాను. నీ సగం వదిలిపెట్టి గుంజకు వేలాడదీశాను.

మబ్బులు పడుతున్నాయి. మనవరాలిని చంకనేసుకునైనా రా. దానితో మాట్లాడు. పాత మాటలైనా సరే మాట్లాడు. పిల్లను మూగదాన్ని చేయకు.

నీ వదిన

*

దారి మధ్య నుంచి,
3 నవంబరు 1991

వదినా,

నవ్వకు. నేను నీకు దగ్గర్లోనే ఉన్నాను, కానీ లేను.

నీ ఉత్తరం చూడగానే మిర్తాకు చెప్పి బసీలియో లారీ ఎక్కేశాను. దగ్గు ఆకులు సంచీ నిండా ఉన్నాయి. తారు రోడ్డు ఉన్నంతవరకు బాగానే వచ్చాం. మట్టిదారి మొదలైన చోటే ఆకాశం విరుచుకుపడింది. లారీ ఇరుసుదాకా దిగబడింది. సిపాయిలు దారికడ్డంగా గొలుసు కట్టేశారు, ఆరేదాకా చీమను కూడా పోనివ్వమని. ఆరేలోగా మళ్లీ పడుతోంది. ఒక పాకలో ఎనిమిది రోజులుగా కర్రపెండలం ఉడికించుకు తింటూ కూర్చున్నాం.

అందరూ వానను తిడుతున్నారు, స్పానిష్‌లో, గ్వారానీలో. నేనొక్కదాన్నే తిట్టలేకపోతున్నాను. తిట్టాలన్నా దానికి పేరుండాలి కదా. చిన్నప్పుడు నది దాటుదామంటే అన్నయ్య నా జడ పట్టుకుని వెనక్కి లాగేవాడు, "నువ్వు తాబేలువి, ఇంట్లో కూర్చో" అని. ఇప్పుడూ ఆయనే లాగుతున్నాడు అనిపించింది. పాక బయట నిలబడి మొత్తం తడిశాను. బసీలియో నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు.

గుర్రం మీద పోయేవాడొకడు ఈ ఉత్తరం, ఆకుల సంచీ మీ ఊరిదాకా చేరుస్తానన్నాడు. నన్ను కూడా ఎక్కించుకోమని అడిగాను. నా ఒళ్లు చూసి, గుర్రాన్ని చూసి, తల అడ్డంగా ఊపాడు.

బిడ్డకు పాలు పడక జ్వరమొచ్చిందని మిర్తా రేడియోలో కబురు పెట్టింది. రేపు వెనక్కి పోయే బండి ఉంది. ఏం చేయాలో చెప్పేవాళ్లు లేరు. పోతున్నాను వదినా.

సునిల్దా

*

పాల్మా సోలా,
20 డిసెంబరు 1991

సునిల్దాకు,

ఆకులు అందాయి. తడిసి బూజు పట్టాయి, అయినా కాచి తాగాను. నీ చేతివి కదా.

వెనక్కి పోయి మంచి పని చేశావు. బతికున్న పిల్ల ముందు. వాన ఇంకా కురుస్తూనే ఉంది, దాని పేరు లేకుండానే.

నేనొక పని చేశాను, నువ్వు తిడతావేమో. రొసాల్బాను ఎదురుగా కూర్చోబెట్టుకుని నార రెండో కొస దాని చేతికిచ్చాను. అది చక్కగా పేనింది. కానీ ముడి దగ్గరికొచ్చేసరికి నాకు మనసొప్పలేదు. మాట ఇస్తే అది చిలకలా తిరిగి పలుకుతుంది. ఆ తర్వాత? అప్పుడే చినుకులు పడ్డాయి. పిల్లది నార వదిలేసి "యూవియా! యూవియా!" అని స్పానిష్‌లో అరుస్తూ వానలోకి పరిగెత్తింది. దాని మీద కోపం రాలేదు. దానికి వానకు పేరుంది, నాకే లేదు. అది పేనిన భాగం విప్పేశాను.

నోట్లో అట్టిపెట్టుకున్న మాట ఒక్కోసారి అరిగిపోతున్నట్టు ఉంది. రాత్రి కలలో దాన్ని పలికానేమోనని పొద్దున్నే భయమేస్తుంది. తొందరగా రా.

ఒతీలియా

*

అసున్సియోన్, చర్చి ముందు మైదానం,
24 మే 1992

వదినా,

దారులు ఆరాయట, బసీలియో చెప్పాడు. ఇప్పుడు నేను నీళ్లలో ఉన్నాను. ఇక్కడి నది పొంగి మా బస్తీ అంతా మునిగింది. మంచం, గోనెపట్టా, బిడ్డ, ఇవి మాత్రం దక్కాయి. చర్చి ముందు రేకులు నిలబెట్టుకుని ఉంటున్నాం. మనిషి కదిలితే ఆ రేకుల చోటు కూడా ఇంకొకరిదైపోతుంది. మిర్తా పనికి పోతే చోటుకూ పిల్లకూ కాపలా నేనే.

నిమియా పాకుతోంది. నువ్వు తిట్టావు కాబట్టి దానితో మాట్లాడుతున్నాను, మన భాషే, పాత మాటలే. కొంగ కనబడితే మాత్రం వేలు చూపించి ఊరుకుంటాను. పొయ్యి దగ్గరికి వస్తే "నిప్పు" అంటాను, మన మాటలో. అంటే నీ పేరే అంటున్నాను అన్నమాట. రోజుకు పదిసార్లు నిన్ను తలుస్తున్నాను. నీకు వెక్కిళ్లు రావడం లేదూ? అది నా నోటి వంక చూసి పెదాలు కదుపుతుంది. ఇవాళో రేపో అనేస్తుంది. మన భాషలో దాని మొదటి మాట నువ్వే అవుతావు.

నీళ్లు తీయగానే బయల్దేరుతాను. ఒట్టు.

సునిల్దా

*

పాల్మా సోలా,
15 జూన్ 1992

సునిల్దాకు,

నీ ఉత్తరం పంతులు చేత చదివించుకున్నాను, కళ్లు సరిగ్గా ఆనడం లేదు. ఇది మాత్రం నేనే రాస్తున్నాను, అందుకే వంకరగా ఉంది.

పిల్ల నా పేరు అనబోతోందని విని రోజంతా నవ్వుకున్నాను. నవ్వితే రక్తం పడుతోంది, అయినా నవ్వాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. క్యాసెట్టును తవ్వి తీయించాను. ఆ రోజు నువ్వు పాటలో పిలిచినప్పుడు, కోపం రావడానికి ముందు ఒక్క క్షణం, నేను తలుపు వైపు చూశాను సునిల్దా. వాడు వస్తాడని చూశాను. మూడేళ్లుగా ఎవరూ పిలవలేదు కదా, పిలిస్తే వస్తాడేమోనని. అదింకోసారి వినాలనిపించింది. రొసాల్బా మన్ను తుడిచింది, పంతులు యంత్రంలో పెట్టాడు. గరగరమంది, అంతే. నదినీళ్లు లోపలికి పోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

అందుకే అడుగుతున్నాను. నేను పోతే నా మాట మూయకు. మూస్తే తెరవడానికి నీకు తోడెవరూ లేరు. నిప్పు లేకుండా ఎట్లా బతుకుతావు? తప్పే, నాకు తెలుసు. అప్పుడు తెలియక తప్పు చేశావు, ఈసారి తెలిసి చెయ్యి. వాడిని పిలిచినట్టే నన్నూ పిలువు. నేను తలుపు వైపు తిరుగుతాను.

వాన మాట నా దగ్గరే ఉంది. నార గుంజకే ఉంది.

నీ వదిన
ఒతీలియా

*

అసున్సియోన్,
9 ఆగస్టు 1992

వదినా,

ఈ ఉత్తరం బసీలియో చేతిలో పెడితే ఎవరికివ్వాలని అడుగుతాడు. ఏం చెప్పాలో తెలియదు. ఈ భాషకు నువ్వెవరో తెలియదు కాబట్టి రాస్తున్నాను.

నీళ్లు తీసి ఇంటికొచ్చి బురద ఎత్తిపోస్తుంటే రేడియో చెప్పింది. పాల్మా సోలా నుంచి కబురు, ఒతీలియా అనే ఆమె అని. పార కింద పెట్టి కూర్చున్నాను. మిర్తా కౌగిలించుకుంది. దానికి నువ్వు పోయావని మాత్రమే అర్థమైంది, ఇంకేం పోయిందో తెలియలేదు. మరునాడే లారీ ఎక్కాల్సింది. ఎక్కి ఏం చేయను, ఎవరితో పేనను అనుకుని ఎక్కలేదు.

నువ్వు చెప్పింది చేద్దామనే అనుకున్నాను. రోజూ పొద్దున పొయ్యి ముందు కూర్చుని, ఇవాళ పిలుస్తాను అనుకునేదాన్ని. రేపు పిలుద్దాంలే అని లేచేదాన్ని.

నిన్న నీళ్లు కాచుతున్నాను. నిమియా ఎప్పుడు వచ్చిందో, బొగ్గుల మీదకు చెయ్యి చాపింది. అరవడానికి నోరు తెరిచాను. రోజూ అనే మాటే, నీ పేరే. రాలేదు వదినా. గొంతు దాకా వచ్చి మూసుకుపోయింది. నేను మూయలేదు, నీ మీద ఒట్టు. అదే మూసుకుంది. బిడ్డ వేళ్లు బొగ్గు అంచుకు తగులుతున్నాయి, నా నోరు తెరుచుకునే ఉంది, శబ్దం లేదు. అప్పుడు దానంతట అదే బయటికొచ్చింది. "ఫుయేగో!" అని అరిచాను, స్పానిష్‌లో. అరిచి లాగేశాను.

ఎక్కువ కాలలేదు, చూపుడువేలి కొస మాత్రం. ఆకు నూరి కట్టాను. ఏడుపు ఆపి, కట్టు వంక చూసుకుని, పొయ్యి వంక చూపించి, అది మొదటిసారి మాట పలికింది. నీ పేరు కాదు వదినా, నేను అరిచిన మాటే.

మిర్తా సంతోషంతో చప్పట్లు కొట్టింది. పొద్దున్నుంచీ ఇంటికి వచ్చినవాళ్లందరికీ దాని చేత అదే చెప్పిస్తోంది.

సునిల్దా